అల్లుడి సంచిలో ఊళ్ళోవాళ్ళ సామాను

గుండీలమ్మ అల్లుడికి కోపం రాదు. ఆవిడకి అతని మీద అనుమానం అక్కడే మొదలైంది.

కూరలో ఉప్పెక్కువైతే "ఫరవాలేదు" అంటాడు. బస్సు తప్పిపోతే "ఫరవాలేదు" అంటాడు. పెళ్ళయినప్పటినుంచీ కూతురు ఒక్కసారి కూడా ముఖం ముడుచుకుని తల్లి దగ్గరికి వచ్చింది లేదు. ఇంకో తల్లయితే సంతోషించేదేమో. ఈవిడ మాత్రం కూతురి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"కోపం లేని మనుషులుండరే. మీ ఆయన ఎక్కడో దాచాడు. ఎక్కడ దాచాడో నువ్వు చూసుకోవద్దూ?"

"ఏం చెయ్యమంటావమ్మా? జేబులు వెతకనా?" అనేది కూతురు.

గుండీలమ్మది బట్టలు సరిచేసే దుకాణం. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది, ఊడినవి కుడుతుంది. కిటికీలో గాజుసీసాల నిండా గుండీలుంటాయి కాబట్టి వీధి వీధంతా ఆవిడని గుండీలమ్మ అంటుంది. ఒకటే గది. తెరకి ఇవతల దుకాణం, అవతల మంచం, పొయ్యి. భర్త బతికున్నప్పుడు ఆయన కత్తిరిస్తే ఈవిడ కాజాలు కుట్టేది. ఆయన పోయాక కొలతలు రాసుకునే దిక్కు లేక, తల నెరిసిన తరవాత సాయంత్రం బడిలో చేరి, చిన్నపిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఇప్పటికీ చదివేటప్పుడు పెదాలు కదులుతాయి. పెద్ద మాట వస్తే మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది.

దుకాణంలో ఆవిడకి రెండు పట్టుదలలు. ఎవరు ఏ బట్ట తెచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. "పైకి అందరి చొక్కాలూ బాగానే ఉంటాయి. లోపల చూడాలి," అంటుంది. ఇక రెండోది, పని అయ్యాక కత్తిరించిన పీలికలన్నీ, ఎంత సన్నవైనా సరే, దారంతో కట్టి బట్టతోపాటు ఇచ్చేస్తుంది. దర్జీ అంటే గుడ్డ మిగుల్చుకుంటాడని లోకానికి అనుమానం. భర్త ఆ మాట పడలేక బతికినన్నాళ్ళూ ఈ పద్ధతి పాటించాడు. ఆయన పోయినా పద్ధతి పోలేదు. వేలెడు పీలికతో ఏం చేసుకోవాలో తెలియక జనం నవ్వుకుంటూ పట్టుకుపోతారు.

అలాంటి మనిషి ఒక వానరోజు దుకాణం మెట్టు మీద జారింది. చీలమండ దగ్గర ఎముక చిట్లింది. మోకాలి దాకా సిమెంటు కట్టు వేశారు. మిషను తొక్కే కాలే అది. తొక్కడం కుదరని చోట ఉండి చేసేదేముందని కూతురు వచ్చి తమ ఇంటికి తీసుకుపోయింది. మెట్లు ఎక్కించింది మాత్రం అల్లుడు. వీపు మీద ఎక్కించుకుని మూడో అంతస్తు దాకా మోశాడు. పైకి వచ్చేసరికి ముఖం ఎర్రబడి, మాట రాక, చెయ్యి మాత్రం ఊపాడు. ఫరవాలేదని.

అతను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. పొద్దున వెళ్ళి చీకటిపడే వేళకి వస్తాడు. చేతులకి ఎప్పుడూ సన్నటి తెల్లపొడి ఉంటుంది. కడుక్కుని వచ్చి అత్తగారి ఎదుట కుర్చీలో కూర్చుని, "నొప్పి ఎలా ఉంది అత్తయ్యా?" అని అడుగుతాడు. ఈవిడ ఎంత సాగదీసి చెప్పినా తల ఊపుతూ వింటాడు.

వచ్చిన వారం తిరక్కుండానే భార్యాభర్తలిద్దరూ కలిసి అసలు మాట చెప్పారు.

"ఇక్కడే ఉండిపో అమ్మా. ఆ గది వదిలెయ్. మిషను బాల్కనీలో పెట్టుకుందువుగాని," అంది కూతురు.

"మాకూ తోడుగా ఉంటుంది అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

గది సంగతి తేల్చమని అప్పటికే ఇంటి యజమానురాలు కబురు చేసింది. ఆ వీధిలో ఒకసారి వదిలిన గది మళ్ళీ దొరకదు. భర్త పోయినప్పుడు ఎవరి పంచనా చేరకుండా నిలబెట్టిన గది అది. దాన్ని వదులుకుని, కడుపులో మాట ఏమిటో తెలియని మనిషి ఇంట్లో, అతని "ఫరవాలేదు" మీద ఆధారపడి ముసలితనం గడపాలి. ఆ "ఫరవాలేదు" ఒకనాడు పిగిలిపోతే? అప్పుడు లోపల ఏముందో తెలిసి ఏం లాభం?

"నెలాఖరుకి చెప్తాను," అంది గుండీలమ్మ.

అప్పటినుంచి అల్లుణ్ణి కనిపెట్టడం మొదలుపెట్టింది. మంచి అవకాశమే. కాలు కదలదు, కళ్ళు కదులుతాయి.

రోజూ రాత్రి భోజనానికి ముందు అతను సోఫాలో ఒక మూల కూర్చుని, పలకంత వస్తువొకటి రెండు చేతులతో పట్టుకుంటాడు. మధ్యలో అద్దం, రెండు వైపులా బటన్లు. బొటనవేళ్ళు మాత్రమే కదులుతాయి. నోరు కొంచెం తెరుచుకుంటుంది. పిలిస్తే వినపడదు. ఒకసారి నీళ్ళగ్లాసు కోసమన్నట్టు వంగి తొంగిచూసింది. అద్దంలో ఎవడో పొట్టి మనిషి కత్తితో ఒక గుబురుని నరుకుతున్నాడు. గుబురుకి కళ్ళున్నాయి.

ఓహో, అనుకుంది గుండీలమ్మ. దాచింది ఇందులోనన్నమాట.

"ఏమిటి బాబూ అది?" అంది అమాయకంగా.

"ఆట అత్తయ్యా. సాహసాల ఆట. మీరూ ఆడతారా? మన భాషలో కూడా ఉంది."

అది కూడా ఆవిడకి నచ్చలేదు. ఊరికే ఎవరు నేర్చుకుంటారు మన భాష? ఏదో అంటగట్టేవాళ్ళే నేర్చుకుంటారు. అయినా, "ఏదీ, చూపించండి," అంది.

అతను తన ఆట పక్కన పెట్టి, ఆవిడ కోసం అదే ఆటని వేరుగా మొదటినుంచి మొదలుపెట్టి చేతికిచ్చాడు. పొగమంచు విడింది. కొండ మీద ఎర్ర గొంగళి కప్పుకుని ఒక పొట్టి మనిషి పడుకుని ఉన్నాడు. కింద అక్షరాలు వచ్చాయి. గుండీలమ్మ పెదాలు కదిపింది.

"వీ-రు-డా, లే. ఊట-బావి ఎండి-పో-యింది. రె-క్కల పాము దాని మీద... పడుకుని ఉంది." తలెత్తింది. "ఎవర్ని లెమ్మంటున్నారు?"

"మిమ్మల్నే అత్తయ్యా."

"నా కాలు చూపించండి వాళ్ళకి."

కూతురు వంటింట్లోంచి పకపకా నవ్వింది. అల్లుడు కూడా నవ్వి, ఏ బటను నడకకి, ఏ బటను మాటకి, ఏ బటను ఇచ్చిపుచ్చుకోవడానికి అని ఓపిగ్గా చూపించాడు. మర్నాడు పొద్దున పనికి వెళుతూ, "మీకు పొద్దుపోదు, ఉంచుకోండి," అని ఆ వస్తువు ఆవిడ పక్కనే పెట్టి వెళ్ళాడు. బస్సులో రానూ పోనూ దానితోనే గడిపే మనిషి. ఊరికే ఇచ్చేశాడు. గుండీలమ్మ దాన్ని తిప్పి వెనకవైపు చూసింది. మరలు తప్ప ఏమీ లేవు.

ఆవిడకి ఆట సాగలేదు. కొండ దిగగానే గడ్డపాయన ఒకడు ఎదురై, వీరుడా ఈ కత్తి తీసుకో అన్నాడు. తీసుకోలేదు. ముక్కూ ముఖం తెలియనివాడు కత్తి చేతిలో పెడుతున్నాడంటే దానితో అప్పటికే ఎవరినో పొడిచి ఉంటాడు. ఊళ్ళోకి వెళ్ళింది. ఇళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఎవరూ రమ్మనలేదు. పిలవని ఇంట్లోకి ఎలా వెళుతుంది? వీరుణ్ణి ఒక ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి, ఎవరైనా బయటికి వస్తారేమోనని చూస్తూ కూర్చుంది. అద్దంలో ఎండ వాలింది, చీకటిపడింది, మళ్ళీ తెల్లారింది. వీరుడు చలికి చేతులు రుద్దుకున్నాడు గాని ఎవరూ రాలేదు.

ఖాళీగా నిలబడి బట్టలు చూసింది. వీరుడి గొంగళి గాలికి బాగానే ఎగురుతోంది గాని అంచు మడిచి కుట్టలేదు, రెండు ఉతుకులకి పీలికలైపోతుంది. గడ్డపాయన చొక్కాకి చంక దగ్గర అతుకే లేదు, చెయ్యి ఎలా ఎత్తుతాడో దేవుడికి తెలియాలి.

ఒక్క సంగతి మాత్రం ఆవిడకి నచ్చింది. అక్కడి మనుషులు మాట్లాడినప్పుడు, ఈవిడ చదవడం అయ్యేదాకా ఆగుతారు. బటను నొక్కేదాకా నోరు తెరిచి అలాగే నిలబడతారు. బస్సు బోర్డులు ఆగవు. ఆస్పత్రి కిటికీలో మనిషి ఆగడు. బడిలో పంతులమ్మ కూడా గడియారం చూసుకునేది. వీళ్ళు ఆగారు. నచ్చిన మరుక్షణమే ఆవిడకి అల్లుడు గుర్తొచ్చాడు. అతనూ అంతే కదా, ఎంతసేపు సాగదీసినా ఆగుతాడు. అంత ఓపిక పట్టేవాళ్ళకి ఏదో కావలసి ఉంటుంది.

"ఎంతవరకు వచ్చారు అత్తయ్యా?" అన్నాడు రాత్రి.

"గుమ్మం దగ్గరున్నాను."

"ఏ గుమ్మం?"

"మొదటి గుమ్మమే."

అతను చూసి, "లోపలికి వెళ్ళండి. పెట్టెలుంటాయి, తెరవండి. కత్తి కూడా తీసుకోవాలి, లేకపోతే ముందుకి వెళ్ళదు," అన్నాడు.

"పిలవకుండా నేను ఎవరింట్లోకీ వెళ్ళను బాబూ. అందులో అయినా సరే."

"ఫరవాలేదు," అన్నాడు అల్లుడు.

నెలాఖరు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం గడియారాలాయన చూడడానికి వచ్చాడు. గుండీలమ్మ దుకాణం పక్కనే చేతిగడియారాలు బాగుచేస్తాడు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కూర్చుని, కట్టు మీద వేలితో టకటకా కొట్టి, "లోపల కాలుందా వదినా, తీసుకుపోయారా?" అన్నాడు.

"ఉందిలే అన్నయ్యా. ఎవరికి పనికొస్తుంది? నా దుకాణం సంగతి చెప్పు."

"చెప్పడానికే వచ్చాను. ఫోను కవర్లు అమ్మేవాడు నిన్న టేపు పట్టుకొచ్చి నీ గది కొలుచుకుపోయాడు. మీ యజమానురాలు పక్కనే నిలబడి టేపు రెండో కొస పట్టుకుంది."

గుండీలమ్మ ముఖం మాడిపోయింది. తన గదిలో ఇంకొకరి టేపు.

"వదిలెయ్యకూడదూ?" అన్నాడు గడియారాలాయన. "అల్లుడు బంగారం. నాకు ముగ్గురున్నారు. ఒకడు అరుస్తాడు, ఒకడు అలుగుతాడు, మూడోవాడు రెండూ చేస్తాడు."

"అదృష్టవంతుడివి అన్నయ్యా. ఎవడేమిటో నీకు తెలుసు. నాకున్న ఒక్కడూ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. లోపలేముందో ఎలా తెలుసుకోవాలి?"

"గడియారమైతే వెనక మూత ఊడదీస్తాం. మనిషిని ఏం చేస్తాం?" అంటూ లేచాడు. "నువ్వయినా బట్ట తిరగేస్తావు గాని మనిషిని తిరగెయ్యలేవు కదా."

ఆయన పోయాక గుండీలమ్మ ఇటు తిరిగింది. పక్కన ఆ పలక ఉంది. తెరిచింది. మొదట్లో రెండు బొమ్మలొస్తాయి. ఒకటి తన వీరుడు, గుమ్మం ముందు నిలబడి. రెండోది అల్లుడి వీరుడు. వాడి గొంగళి చిరుగులు పడి, భుజాన ఇంత బస్తాలాంటి సంచి వేలాడుతూ, గుట్ట మీద ఉన్నాడు. రోజూ చూస్తున్న బొమ్మే. ఇవాళ మాత్రం ఆవిడ వేలు అటు జరిగింది.

నొక్కింది.

సంచి తెరవడం తెలుసు. తెరిచింది. లోపల వరసగా బొమ్మలు, కింద పేర్లు. ఒక్కొక్కటే చదివింది. పిండిమర ఆవిడ జల్లెడ. పడవాయన గంట. కమ్మరి పట్టకారు. నేతగాడి నాడె. బావి దగ్గరి ముసలామె దువ్వెన. ఇంకా ఉన్నాయి. ఒక్కటీ వీరుడిది కాదు. ఊళ్ళోవాళ్ళ సామానంతా ఊడ్చి సంచిలో వేసుకున్నాడు.

గుండీలమ్మ నెమ్మదిగా గుట్ట దింపి వీరుణ్ణి ఊళ్ళోకి నడిపించింది. పిండిమర దగ్గర ఒక లావుపాటి ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. మాట బటను నొక్కింది.

"నా జల్లెడ పోయింది నాయనా. మా అమ్మ ఇచ్చిన జల్లెడ. నీకెక్కడైనా కనపడిందా?"

జల్లెడ వాడి వీపు మీదే ఉంది.

"హవ్వ," అంది గుండీలమ్మ ఖాళీ ఇంట్లో పైకే. ఎవరూ చూడని చోట కత్తి తిప్పడం కాదు, ఇదీ అల్లుడి లోపలి కుట్టు. పిండిమర ఆవిడ ముఖంలోకి చూస్తూ, ఆవిడ జల్లెడే వీపున పెట్టుకుని, కనపడలేదన్నట్టు ముందుకి నడిచిపోయాడు. అదే ముఖంతో ఇంటికొచ్చి, నొప్పి ఎలా ఉంది అత్తయ్యా అన్నాడు.

ఇచ్చే బటను ఎక్కడుందో అల్లుడే చూపించాడు. జల్లెడ ఇచ్చేసింది. లావుపాటి ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుని, "నువ్వు ధర్మాత్ముడివి," అంది. ఆ మాట వీరుడికి తగదనిపించినా గుండీలమ్మకి కడుపు నిండింది. ఆ తరవాత ఆగలేదు. మధ్యాహ్నమంతా ఊరంతా తిరిగింది. ఇప్పుడు ఇళ్ళలోకి వెళ్ళడానికి జంకలేదు, ఎవరి వస్తువు వాళ్ళకి ఇవ్వడానికి పిలుపెందుకు? కమ్మరికి పట్టకారు, నేతగాడికి నాడె. పడవాయన గంట తీసుకుని కృతజ్ఞత కూడా చెప్పకుండా మోగించుకుంటూ పోయాడు. కత్తి మీద ఎవరి పేరూ లేదు. గడ్డపాయనదేనని అనుమానించి ఆయనకి ఇవ్వబోతే, "ఇది నాది కాదే," అంటూనే తీసేసుకున్నాడు. వాడి సంగతి మొదటే తెలుసు ఆవిడకి.

సంచి చదునై వీరుడి వీపుకి అంటుకుపోయింది. ఎన్నాళ్ళనుంచో బాకీపడ్డ పీలికలు కట్టి ఇచ్చేసినట్టు, గుండీలమ్మ హాయిగా పలక పక్కన పెట్టింది. పెట్టబోయే ముందు అద్దంలో ఒక మూల చిన్న దీపం వెలిగి ఆరింది. "భద్రపరచబడింది" అని ఉంది. అది చదవడానికి కొంతసేపు పట్టింది.

కూతురు పనినుంచి ఇంటికి వచ్చాక గుండీలమ్మ జరిగింది చెప్పింది. కూతురు ముందు నవ్వింది. తరవాత పలక చేతిలోకి తీసుకుంది. నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఏం చేశావు? అవన్నీ పోగు చేస్తేనే ఆ పాముని లేపగలుగుతారు. పెళ్ళికి ముందునుంచీ పోగు చేస్తున్నారు ఆయన. ఇంకొక్క గుమ్మమే మిగిలిందని మొన్ననే చెప్పారు."

"పోగు చెయ్యడమేమిటే? ఎత్తుకొచ్చాడు."

"ఆటమ్మా అది. అందులో అలాగే తీసుకోవాలి."

"ఎవరు చెప్పారు తీసుకోమని? ఆ పిండిమర ఆవిడ చెప్పిందా?"

కూతురు తల పట్టుకుంది. గుండీలమ్మకీ గుండె కొంచెం జారింది. అయితే జారుతున్న గుండెలోనే ఒక సంగతి స్పష్టమైంది. ఇవాళ అతను వస్తాడు. చూస్తాడు. చూసి కూడా "ఫరవాలేదు అత్తయ్యా" అన్నాడంటే, రేపు పొద్దున్నే కుంటుకుంటూనైనా తన గదికి వెళ్ళిపోవలసిందే. ఇన్నాళ్ళ శ్రమ నాశనమైతే ఫరవాలేదనే మనిషి, ఏ మాట మీదైనా ఫరవాలేదనే అంటాడు. దానికి విలువ లేదు. అలాంటి ఇంట్లో ఆవిడ ఉండలేదు.

"ఏమీ చెప్పకు. నేనే చెప్తాను," అంది కూతురితో.

అల్లుడు వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. ఎదుట కూర్చుని, "నొప్పి ఎలా ఉంది అత్తయ్యా?" అన్నాడు.

"నొప్పి సంగతి ఉండనివ్వండి. మీ ఆట తెరిచాను. సంచిలో ఉన్నవన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను."

అతను అర్థం కానట్టు చూశాడు. పలక తీసుకుని తెరిచాడు. బొటనవేళ్ళు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. గుండీలమ్మ అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు. వంటింటి గుమ్మంలో కూతురు గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"ఫరవా..." అన్నాడు అల్లుడు. మాట అక్కడే ఆగిపోయింది. పలక ఒళ్ళో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, ఆ రోజు మెట్లెక్కినప్పటిలాగే. "నోరు రావడం లేదు అత్తయ్యా ఆ మాట అనడానికి."

"అయితే అనకండి."

"ఎందుకు చేశారు?"

"పిండిమర ఆవిడ జల్లెడ కోసం ఏడుస్తోంది. అది మీ వీపు మీదుంది. నేను చూస్తూ ఊరుకోనా?"

"ఆవిడ నిజం మనిషి కాదు."

"మీరు నిజం మనిషే కదా. తీసుకుంది మీరే కదా."

"నేను తీసుకున్నాను, నిజమే." అతని గొంతు పెరిగింది. ఆ ఇంట్లో ఆ గొంతు అంత ఎత్తులో గుండీలమ్మ ఎప్పుడూ వినలేదు. "మరి మీరు? పిలవని ఇంట్లోకి వెళ్ళనన్నారు. అందులో అయినా సరే వెళ్ళనన్నారు. రోజుల తరబడి గుమ్మంలో నిలబడ్డారు. నా దాంట్లోకి మిమ్మల్ని ఎవరు పిలిచారు? అడగకుండా తెరిచారు. అడగకుండా సంచిలో చెయ్యిపెట్టారు. నాతో ఒక్క మాట అనకుండా ఊరంతా పంచిపెట్టారు. ఆ బొమ్మ మనుషుల పాటి గౌరవం నాకు లేదా?"

కూతురి చేతిలో గరిటె గోడకి తగిలి చప్పుడైంది. ఎవరూ అటు చూడలేదు.

గుండీలమ్మ నోరు తెరిచింది. దుకాణంలో ఎంత గయ్యాళి గిరాకీ వచ్చినా తడుముకోని నోరు, ఇప్పుడు బటను నొక్కని బొమ్మ మనిషిలా తెరిచి ఉండిపోయింది. అతనన్నది నిజం. గుమ్మం గుమ్మమే, అద్దంలో ఉన్నదైనా, అల్లుడిదైనా.

"నాకు కోపంగా ఉంది అత్తయ్యా," అన్నాడు అతను లేస్తూ. "అలా కాసేపు నడిచి వస్తాను. రెండు మూడు రోజులు సరిగ్గా మాట్లాడకపోతే ఏమీ అనుకోకండి. తరవాత మాట్లాడతాను."

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు విసిరి కొట్టలేదు. మెల్లగానూ వెయ్యలేదు. తలుపు పడ్డ చప్పుడు బాగానే వినిపించింది.

కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చూశావా? ఆయన్ని ఎప్పుడూ ఇలా చూడలేదు నేను. ఇన్నాళ్ళూ కోపం లేదు లేదని పోరి పోరి తెప్పించావు. నీ గది యజమానురాలు మళ్ళీ ఫోను చేసింది. ఏం చెప్పను? వెళ్ళిపోతావా?"

గుండీలమ్మ కట్టు వేసిన కాలు రెండు చేతులతో ఎత్తి స్టూలు మీద సర్దుకుంది. ఇంకా అతని మాటలు చెవుల్లో ఉన్నాయి. ఒక్కొక్క మాటనీ తిప్పి చూసింది. కోపముంది. ఉన్న చోటే ఉంది, తగిన కొలతకే ఉంది. ఎవరినీ తిట్టలేదు. తల్లి చేసిన పనికి కూతుర్ని మధ్యలోకి లాగలేదు. ఎంతసేపు ఉంటుందో కూడా చెప్పి వెళ్ళాడు. లోపల కుట్టు ఇంత గట్టిగా ఉన్న బట్ట ఆవిడ చేతికి వచ్చి చాలాకాలమైంది. ఆ కుట్టుని అడక్కుండా చింపి చూసింది తను. చిరుగు ఇక్కడ ఉంది, తనవైపు.

"గది వదిలేస్తున్నానని చెప్పెయ్," అంది.

"ఏంటి?"

"చెప్పెయ్యమంటున్నాను. గుండీల సీసాలు మాత్రం ఆ కవర్లవాడు ముట్టుకోకూడదు. గడియారాలాయన దగ్గర పెట్టించు. మిషను ముందు తెప్పించు."

"ఆయన అలిగి వెళితే నువ్వు ఉంటానంటున్నావేమిటమ్మా? నాకేమీ అర్థం కావడం లేదు."

"నీకు అర్థం కాకపోతే ఫరవాలేదు," అంది గుండీలమ్మ. "అన్నం పెట్టు. ఆయనకి వేరే తీసి ఉంచు, మూత పెట్టు."

అతను అన్నట్టే చేశాడు. మర్నాడు నొప్పి సంగతి అడగలేదు. ఆ తరవాతి రోజు ఆటో మీద మిషను తెచ్చి, ఇంకొకరి సాయంతో మూడంతస్తులూ మోసి, మాట్లాడకుండా బాల్కనీలో పెట్టాడు. గోడవైపు తిప్పి పెట్టాడు. ఈవిడకి వెలుతురు కావాలి. చెప్పాలని నోటిదాకా వచ్చింది, ఊరుకుంది. అతను నీళ్ళు తాగి మళ్ళీ వచ్చి, మిషనునీ కిటికీనీ చూసి, తనే ఇటు తిప్పాడు.

మాట వచ్చింది ఇంకో సాయంత్రానికి. అత్తగారి పక్కన, ఎదుట కుర్చీలో కాదు, పక్కన, వచ్చి కూర్చున్నాడు. చేతిలో పలక.

"అడగకుండా తెరిచాను. తప్పు నాదే బాబూ," అంది ఆవిడ ముందుగా.

"ఊఁ," అన్నాడు అతను. ఫరవాలేదనలేదు. కాసేపటికి, "దువ్వెన ఎవరికిచ్చారు?" అన్నాడు.

"బావి దగ్గరి ముసలామెకి. ఆవిడదేనా అంటే మాట్లాడలేదు. అనుమానంగానే ఇచ్చాను."

"మళ్ళీ అన్నీ తీసుకోవాలి. తీసుకోకపోతే ఊరికి నీళ్ళు రావు అత్తయ్యా. ఆ జల్లెడావిడకి కూడా రావు."

గుండీలమ్మ ఆలోచించింది. ఆ సామానుకీ నీళ్ళకీ సంబంధముందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. "అడిగి తీసుకోండి అయితే."

"అడగడానికి బటను లేదు."

"నోరుంది కదా."

అతను ఆవిడ వైపు చూశాడు. నవ్వు ఆపుకోవాలని చూసి, కుదరక, వీరుణ్ణి పిండిమర లోపలికి నడిపించాడు. "అమ్మా, ఊటబావి పని మీద జల్లెడ తీసుకుంటున్నానండీ. తిరిగి తెచ్చిస్తాను," అన్నాడు పైకి, తర్వాత బటను నొక్కాడు. వంటింట్లో కూతురు ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది. కమ్మరిని అడిగాడు. నేతగాడిని అడిగాడు. గుండీలమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, అద్దంలోకి కాదు, అతని పెదాల వైపు చూస్తూ కూర్చుంది.

పడవాయన ఇంటి దగ్గర అతను తొందరలో ఉన్నాడు. పెదాలు కదలలేదు. బటను మాత్రం నొక్కాడు.

"చూశాను," అంది గుండీలమ్మ.

అల్లుడు గంటని ఉన్న చోట పెట్టేసి, వీరుణ్ణి వెనక్కి నడిపించి, గుమ్మం బయట నిలబెట్టాడు.